మూడు ప్రతుల పురుగు

మా శాఖ పేరు ఉద్యాన శత్రు నిర్మూలన శాఖ. నవ్వకండి, ఆ పేరు పెట్టింది నేను కాదు. తోటల్లో, నర్సరీల్లో మొక్కల్ని పట్టి పీడించే పురుగూ పుట్రా ఏదున్నా కనిపెట్టడం, నివేదించడం, నిర్మూలించడం మా విధి. గోదావరి ఒడ్డున నర్సరీల ఊళ్ళు నాలుగు కలిపి మా ఆఫీసు కింద ఉన్నాయి. నేనందులో గుమాస్తాని. పేరి నరసింహం అంటారు, అయితే మా అధికారి తప్ప ఎవరూ అనరు, 'గుమాస్తా గారూ' అనే పిలుస్తారు.

ముందు మూడు ప్రతుల నిబంధన సంగతి చెప్పాలి, లేకపోతే మీరు కథంతా విని మమ్మల్ని ఊరికే ఆడిపోసుకుంటారు. ఎప్పుడో ఒకసారి మా ఆఫీసు నుంచి ఒక కొమ్ముపురుగుని ప్రధాన కార్యాలయానికి పంపారట. చేరలేదని వాళ్ళు, పంపామని మేము. సరే, మీ ఆఫీసు ప్రతి చూపించండన్నారు వాళ్ళు. పురుగు ఒక్కటే కదా, దానికి ప్రతెక్కడ? ఆ ఒక్క పురుగు మీద పదకొండేళ్ళు ఉత్తరాలు నడిచాయి. ఇద్దరు అధికారులు రిటైరయ్యారు, ఒకాయనకి ప్రమోషను ఆగిపోయింది. దాంతో సర్క్యులరు వచ్చింది. పట్టుబడిన ప్రతి శత్రుజీవినీ మూడు సమభాగాలుగా ఖండించవలెను. తల భాగం ప్రధాన కార్యాలయానికి. నడుము భాగం మా రికార్డు గదికి. తోక భాగం జీవి దొరికిన చోటనే, స్థల ప్రతిగా. ఖండించిన ప్రతిసారీ ఒక జీవి నిర్మూలన అయినట్టు రిజిస్టర్లో రాయవలెను. పదిహేడేళ్ళపాటు ఈ నిబంధన మీద ఎవరూ నోరెత్తలేదు. గొంగళిపురుగులూ ఎత్తలేదు.

ఈ ఏడు జనవరిలో మట్టపర్తి చంద్రకాంతం ఒక స్టీలు టిఫిను డబ్బా పట్టుకుని మా కిటికీ దగ్గరకొచ్చింది. ఆవిడకి నలభై ఏళ్ళుంటాయి. గొంతు విప్పితే కాలవ అవతలకి వినిపిస్తుంది. మొగుడు మొక్కల లారీ నడుపుతూ నెలకి ఇరవై రోజులు పరాయి రాష్ట్రాల్లో తిరుగుతుంటాడు. ఈవిడ ఇంటి వెనక ఎనిమిది సిమెంటు తొట్లు కట్టి, పేడా ఎండుటాకులూ వేసి, వానపాముల్ని పెంచుతుంది. మా వైపు వాటిని ఎర్రలంటారు. ఏడేళ్ళ కిందట దోసెడు ఎర్రలతో మొదలుపెట్టిందట. ఇప్పుడు ఆవిడ ఎరువు లేకుండా చుట్టుపక్కల నర్సరీల్లో గులాబీ అంటు కట్టరు.

"ఆయ్ గుమాస్తా గారూ, ఇదేటో కాస్త సూడండి. మా ఎర్రల్ని తినేత్తందండి," అంది డబ్బా మూత తీస్తూ.

"ఎర్రల్నా? మొక్కల్ని తింటేనే మాకు శత్రువమ్మా."

"ఎర్రలు లేపోతే ఎరువుండదు, ఎరువు లేపోతే మొక్కలుండవు. మొక్కలే లేపోతే ఇంక మీ ఆపీసెందుకండి?"

నేను లేచి ఆవిణ్ణి లోపలికి పంపాను.

లోపల మా అధికారి కొత్తపల్లి భుజంగరావు గారు. ఆయన మాట్లాడరు, డిక్టేషను ఇస్తారు. మంచినీళ్ళు కావాలన్నా 'దాహార్తి దృష్ట్యా తగు చర్య తీసుకొనవలెను' అంటారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని డబ్బాలోకి చూశారు. నేనూ చూశాను. తడి కొబ్బరిపీచు మీద జానెడు పొడుగున, గోధుమరంగులో, రిబ్బను ముక్కలా చదునుగా ఉందది. వీపు మీద నల్లటి చారలు. తల మాత్రం నెలవంకలా రెండు వైపులకీ సాగి ఉంది. జిగురు కారుస్తూ నింపాదిగా డబ్బా అంచెక్కుతోంది.

"దీని నోరు తలకాయలో ఉండదండి," అంది చంద్రకాంతం. "పొట్ట మధ్యనుంటాది. ఎర్రని సుట్టేసుకుని, జిగురు పూసి కదలకుండా సేసి, ఆ నోటితోనే జుర్రేత్తాది. మళ్ళీ పిప్పంతా ఆ కన్నంలోంచే బయటికి గెంటేత్తాదండి. రెండో దారి లేదు దీనికి."

"ఇన్‌వర్డూ అవుట్‌వర్డూ ఒకే కౌంటరులోనా!" భుజంగరావు గారు నిజంగానే నొచ్చుకున్నారు. "ఇదేమి నిర్వహణ?"

"ఉప్పునీళ్ళలో పడేత్తే కరిగి నీరైపోద్దండి. తొట్లో ఉప్పు సల్లితే నా ఎర్రలూ పోతాయి. అందుకని పట్టకారుతో ఏరి బకెట్లో ఏద్దామనుకుంటన్నాను. మీకో మాట సెప్పి ఎల్దామని వచ్చాను."

చెప్పి వెళ్దామని రావడమే ఆవిడ చేసిన పొరపాటు. ఇందులో మా తప్పు పిసరంత కూడా లేదు.

"ప్రైవేటు వ్యక్తులు శత్రుజీవి ప్రాణము తీయుట చట్టవిరుద్ధము," అన్నారు భుజంగరావు గారు. "ఆ అధికారము ప్రభుత్వమునకు మాత్రమే కలదు. నరసింహం, కత్తెర!"

మూడు ముక్కలూ సమానంగా రావడానికి స్కేలు పెట్టి గీత గీశాను. తలని తడి పీచులో చుట్టి రిజిస్టర్డు పోస్టులో పంపాం. నడుముని ఊరగాయ జాడీలో వేసి, చీటీ అతికించి, రికార్డు గదిలో పెట్టాం. తోకని చంద్రకాంతం చేతికిచ్చి, తీసుకెళ్ళి తొట్లోనే వెయ్యమన్నాం.

"మళ్ళీ తొట్లోకాండీ?"

"స్థల ప్రతి స్థలములోనే ఉండవలెను."

పన్నెండు రోజులకి ఆవిడ పరుగెత్తుకొచ్చింది. తోకకి తల మొలిచిందట. నేను జాడీ తీసి చూద్దును కదా, మా నడుముకి అటు తలా ఇటు తోకా వచ్చేసి, పురుగు నిండు నూరేళ్ళ ఆయుష్షుతో జాడీ గోడకి అంటుకుని ఉంది. తీసుకెళ్ళి భుజంగరావు గారికి చూపించాను.

"ఇది మన పాత జీవి కాదు," అన్నారాయన. "పాత జీవి నిర్మూలన అయినట్టు రిజిస్టరులో ఉన్నది. కావున ఇది కొత్త జీవి."

"అదే జాడీలో ఉందండి."

"అనగా ఆఫీసులో పట్టుబడిన కొత్త జీవి. కత్తెర!"

లెక్క ఇక్కడే మారింది. తల ప్రధాన కార్యాలయానికి పోయింది. నడుము రికార్డు గదికి చేరింది. తోక దొరికిన చోటనే ఉండాలి కదా, దొరికిన చోటు రికార్డు గదే. ఒకటి రెండయింది. ఇంకో పన్నెండు రోజులకి రెండు నాలుగయ్యాయి. ఊళ్ళో జాడీలు దొరకడం మానేశాయి. అటు చంద్రకాంతం తొట్ల దగ్గరికి కూడా నేనే కత్తెరా స్కేలూ పట్టుకుని పక్షానికోసారి వెళ్ళేవాణ్ణి. ఆవిడ గట్టు మీద కూర్చుని, నేను కత్తిరిస్తున్నంతసేపూ నా మొహంలోకి చూసేది. తోకల్ని తిరిగి తొట్లో వేస్తుంటే తల అటు తిప్పుకునేది.

మార్చి నాటికి ఎనిమిది తొట్లలో మూడు చచ్చుబడిపోయాయి. పేడ అలాగే ముద్దకట్టి ఉంది. తవ్వితే ఒక్క ఎర్ర లేదు.

"గుమాస్తా గారూ, నాకు నిద్దరట్టడం లేదండి," అంది ఆవిడ ఓ రోజు. "ఇయ్యి పోతే నేనేం సెయ్యాలి? నాకు ఇంకో పని రాదు. ఒక్కసారి బకెట్లో ఏసేత్తానండి. ఎవరికీ సెప్పను."

"అమ్మా, అవి పురుగులు కావిప్పుడు. ప్రతి ఒక్కటీ స్థల ప్రతి. స్థల ప్రతిని ధ్వంసం చేస్తే ప్రభుత్వ రికార్డుని ధ్వంసం చేసినట్టు. జైలు."

ఇది నేనే అన్నాను. ఎలా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం నిబంధన గడగడా అప్పజెప్పినందుకు కాస్త గర్వంగానే ఉంది.

ఏప్రిల్లో ప్రధాన కార్యాలయం నుంచి ప్రశంసాపత్రం వచ్చింది. శత్రుజీవుల నిర్మూలనలో మా ఆఫీసు రాష్ట్రం మొత్తం మీద ప్రథమ స్థానం. ఇన్ని తలల్ని ఒక్క ఆఫీసే పంపడం శాఖ చరిత్రలో లేదట. తలల కోసం అక్కడ ప్రత్యేకంగా ఒక విభాగం తెరిచి, దానికొక సంయుక్త సంచాలకుణ్ణి కూడా వేశారట. భుజంగరావు గారు ఆ కాగితానికి అద్దం కట్టించి గోడకి తగిలించారు. తగిలిస్తుంటే గోడ మీద పాకుతున్నదొకటి ఆయన చేతికంటుకుంది. చెయ్యి సాయంత్రందాకా దురద పెట్టింది.

"అయ్యా, నిర్మూలన అయినవి కదులుతున్నాయండి," అన్నాను భయం భయంగా.

"కదులుట వాటి క్రమశిక్షణారాహిత్యము. మన లెక్కలో అవి చచ్చినవే."

అసలు చిక్కు తరవాత వచ్చింది. ఈ పురుగుకి తిండి లేకపోతే చావదు, చిక్కిపోతుంది. ఒంట్లో ఉన్నదాన్నే అరగదీసుకుంటూ జానెడున్నది వేలెడవుతుంది, వేలెడున్నది గోరంతవుతుంది. రిజిస్టర్లో ప్రతిదాని పొడుగూ సెంటీమీటర్లలో రాసి ఉంది. భుజంగరావు గారు స్కేలు పెట్టి కొలిచి తెల్లబోయారు.

"రికార్డు తరుగుతున్నది! రికార్డు పరిమాణమును మార్చుట ఫోర్జరీతో సమానము. నరసింహం, నా ఉద్యోగము పోవును. తక్షణమే పోషణ చేపట్టవలెను."

"ఇవి ఎర్రల్ని తప్ప మరోటి ముట్టవండి."

"ఎర్రలు ఎక్కడ కలవు?"

ఎక్కడ కలవో ఇద్దరికీ తెలుసు. ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు టైపు చేశాను. 'ప్రజాప్రయోజనం దృష్ట్యా శ్రీమతి మట్టపర్తి చంద్రకాంతం తన అధీనంలోని ఎర్రలను పక్షానికొక తొట్టి చొప్పున రికార్డు పోషణ నిమిత్తం ఈ కార్యాలయమునకు అందజేయవలెను. తప్పినచో స్థల ప్రతులున్న ఆవరణ మొత్తాన్నీ శాఖ స్వాధీనం చేసుకొనును.'

ఆవిడ దాన్ని రెండుసార్లు చదివించుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అంటే నా ఎర్రల్ని తినేదాన్ని మీరు పెంచుతారు. దానికి మేత నేను పొయ్యాలి. నా ఎర్రల్నే. అంతేనాండి?"

"అంతేనమ్మా."

"మీ ఇంట్లో ఆడోళ్ళు మీకు అన్నం ఎలా పెడతన్నారండీ?" అని లేచి వెళ్ళిపోయింది. ఆ రోజు నిజంగానే నాకు అన్నం సహించలేదు.

ఆవిడ ఒక తొట్టెడు ఎర్రల్ని తెచ్చింది. తరవాత ఇంకోటి. నేను జాడీ జాడీకీ రెండేసి ఎర్రల చొప్పున పంచేవాణ్ణి. ఇంకో రెండు తొట్లు స్థల ప్రతులే తినేశాయి. మే నెల చివరి వారానికి మా రికార్డు గదిలో ప్రతులు రెండు వేల నలభై ఎనిమిది. చంద్రకాంతం ఇంటి వెనక ఎర్రలున్న తొట్టి ఒకే ఒక్కటి. దాని గడువు సోమవారం.

ఆ సోమవారమే రికార్డుల తనిఖీకి హైమవతీదేవి గారు వచ్చారు. రాష్ట్రంలో రికార్డు గదుల గుమాస్తాలందరికీ ఆవిడ పేరు చెబితే జ్వరం వస్తుంది. ఆవిడ ఫైలు లోపల ఏముందో చూడదు. దుమ్ముందా, చెద ఉందా, తడి ఉందా, ఈ మూడే చూస్తుంది. గది తలుపు తెరిచి, మొదటి జాడీలో వేలు పెట్టింది. వేలు బయటికొస్తుంటే తీగలాంటి జిగురు సాగుతూ వచ్చింది.

"తడి!" అంది. రెండో జాడీ. "తడి!" పదో జాడీ దాకా వెళ్ళి నా వైపు తిరిగింది. "ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇంత తడి రికార్డు నేను చూడలేదు. తడి రికార్డుకి నిబంధనేమిటి?"

"డాబా మీద ఎండబెట్టాలండి."

మీకు తెలియకపోవచ్చు, గోదావరి పక్క ఆఫీసుల్లో ఇది ఏటా ఉండే తంతే. వరద నీళ్ళు రికార్డు గదుల్లోకి రావడం, వేసవిలో ఫైళ్ళన్నీ డాబా మీద పరిచి వడియాల్లా ఆరబెట్టడం మాకు మామూలు.

"నేడే, నా సమక్షంలో ఎండబెట్టాలి," అని ఆవిడ పుస్తకంలో రాసేసింది. భుజంగరావు గారు తలూపారు. తనిఖీలో రాసిన మాటకి ఎదురు చెప్పిన అధికారి ఇంతవరకు పుట్టలేదు.

అదే సమయానికి చంద్రకాంతం ఆఖరి తొట్టిలో ఎర్రల్ని గంపకెత్తుకుని వరండాలో నిలబడి ఉంది. మా మాటలన్నీ వింది. గంపని నీడలో దింపి, పైన తడిగుడ్డ కప్పి, కొంగు బొడ్లో దోపుకుంది.

"నేనూ ఓ సెయ్యేత్తానండి, గుమాస్తా గారూ," అంది. కళ్ళలోకి మాత్రం చూడలేదు.

నాకు తెలీలేదనుకోకండి. జిగురు తప్ప ఒంటి మీద మరే రక్షణా లేని జీవి అది. నాలుగున్నర నెలలు దాన్ని పెంచినవాణ్ణి. ఆఫీసులో ఓసారి జాడీలోంచి తప్పించుకున్నదొకటి కిటికీ ఎండలో ఏమయిందో చూసినవాణ్ణి. చెప్పి ఆపి ఉండొచ్చు. కానీ నా పని రాసుకోవడం, సలహాలివ్వడం కాదు కదా!

రోహిణీ కార్తె. డాబా మీద అడుగు పెడితే అరికాళ్ళు చుర్రుమంటున్నాయి. ఇద్దరం జాడీలు మోసి, వరస నెంబర్ల ప్రకారం ప్రతుల్ని సిమెంటు మీద పరిచాం. గోనెపట్టా వెయ్యమంటారా అని నేనడిగితే చంద్రకాంతం, "పట్టా ఎందుకండీ, బేగా ఆరవద్దూ!" అంది. హైమవతీదేవి గారు మెట్ల గది నీడలో కుర్చీ వేయించుకుని మజ్జిగ తాగుతూ పర్యవేక్షించారు.

చివరి వరస పరిచేసరికి మొదటి వరస లేదు.

అరగంటకి ఏ వరసా లేదు. డాబా నిండా గంజి ఒలికి ఎండినట్టు తెల్లటి మరకలు తళతళలాడుతున్నాయి. భుజంగరావు గారు పైకొచ్చి చూసి, జన్మలో మొదటిసారి మామూలు తెలుగులో కేకేశారు.

"ఏవిరా నా పురుగులు?"

హైమవతీదేవి గారు లేచొచ్చి ఒక మరక మీద వేలితో రాసి చూసుకున్నారు. వేలికి ఏమీ అంటలేదు. పుస్తకం తెరిచి రాశారు. 'రికార్డులు సంపూర్ణంగా ఆరినవి. తేమ శూన్యం. సంతృప్తికరం.' సంతకం, తేదీ, ముద్ర. భుజంగరావు గారు ఆ సంతకాన్ని చూశారు, డాబాని చూశారు, మింగలేక కక్కలేక కిందికి దిగిపోయారు.

చంద్రకాంతం నా దగ్గరికొచ్చింది. "నా తొట్లలో తోకలున్నాయి గదండీ. అయ్యిప్పుడు ఏంటండి? రికార్డేనా?"

ఆఫీసు ప్రతి లేని స్థల ప్రతి గురించి ఏ సర్క్యులర్లోనూ ఒక్క ముక్క లేదు.

"ఉత్త పురుగులేనమ్మా," అన్నాను.

ఆవిడ గంప నెత్తినెత్తుకుని పరుగు లాంటి నడకతో వెళ్ళిపోయింది. ఆ వారమంతా ఆవిడ పట్టకారూ ఉప్పునీళ్ళ బకెట్టూ పట్టుకుని తొట్లలోనే ఉందట. ఒక్కటి మిగల్లేదట. నాకెందుకో గుండె మీంచి బరువు దిగినట్టయింది.

సరిగ్గా ఇరవై రోజులకి, మేత ఉత్తర్వు రద్దు చెయ్యమని అర్జీ పట్టుకుని ఆవిడ మళ్ళీ కిటికీ దగ్గర నిలబడింది. మొహం కళకళలాడుతోంది.

"మా ఎర్రలు గుడ్లు పెట్టినియ్యండి గుమాస్తా గారూ! మెంతిగింజల్లాగున్నాయి. పిల్లలైతే దారప్పోగుల్లాగ, తెల్లగా. రెండో తొట్టిక్కూడా సరిపోతాయండి."

నేను నోరు తెరిచేలోపు పోస్టుమాన్ ఒక పార్సిలు కిటికీలోంచి లోపలికి తోశాడు. ప్రధాన కార్యాలయం, తలల విభాగం. పైన ఉత్తరం. 'మీ ఆఫీసు ప్రతులు ఆరిపోయినట్లు తెలియుచున్నది. చింతింపవలదు. మా వద్ద గల తలల నుండి ధ్రువీకరించిన నకలు ప్రతులు నూరు పంపుచున్నాము. వీటిని పూర్వ సంఖ్యకు పెంచవలెను. పోషణకై పాత ఉత్తర్వు యథాతథంగా వర్తించును.'

పార్సిలు బల్ల మీద మెల్లగా కదిలింది. ఉత్తరం నేను పైకి చదవనే లేదు. చంద్రకాంతానికి అక్కర్లేకపోయింది. ఆవిడ చూపు ఆ పార్సిలు అడుగున ఊరుతున్న జిగురు మీదే ఉంది.

"భయమేత్తందండి," అంది చాలా నెమ్మదిగా. ఆవిడ గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదలు. "ఈసారి నావల్ల కాదండి."

భుజంగరావు గారు భోజనానికి వెళ్ళారు. ఇంకో అరగంటలో వచ్చేస్తారు. ఇరవయ్యారేళ్ళ సర్వీసులో ఈ కిటికీలోంచి వచ్చిన దేనికీ నేను నెంబరు వెయ్యకుండా ఉండలేదు. పెళ్ళి శుభలేఖకి కూడా వేశాను. నెంబరు పడితే అది రికార్డు. పడకపోతే ఉత్త పార్సిలు. అలవాటు కొద్దీ స్టాంపు తీసి సిరాలో అద్దాను. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఆవిడ ఆ చేతి వంకే చూస్తోంది.

స్టాంపు కింద పెట్టేశాను. ఉత్తరాన్ని మడిచి జేబులో కుక్కుకున్నాను.

"నెంబరెయ్యలేదేటండీ?" అంది.

"దేనికమ్మా?" అన్నాను. "ఇవాళ టపా ఏమీ రాలేదే."

పార్సిలు చంకన పెట్టుకుని మెట్లెక్కాను. వెనకే ఆవిడ చెప్పుల చప్పుడు. పైన ఎండ ఇంకా దంచేస్తూనే ఉంది. పార్సిలు కింద పెట్టి తాడు ముడి విప్పబోతే చేతికి రావడం లేదు.

"ఇటివ్వండి, గుమాస్తా గారూ," అని చంద్రకాంతం పక్కన గొంతుక్కూర్చుంది. ముడిని పంటితో కొరికి తెంపి, మూత విప్పి, అంతా సిమెంటు మీద బోర్లించేసింది.